బారెడు గది

ఆరింటికి లైవు.
ఇప్పుడు మూడున్నర.
మల్కాపురంలో మా ముందుగది అడ్డం పదడుగులు,
అందులో మంచమే నాలుగడుగులు తినేసింది.

నా బార ఐదడుగుల ఏడంగుళాలు.
షిప్‌యార్డులో ముప్పై ఒక్క ఏళ్లు
క్రేను కింద నిలబడి
పైనున్నవాడితో చేతులతో మాట్లాడినవాణ్ణి.
ఇవాళ ఆ మాటలే పిల్లలకి నేర్పాలట.
పారాదీప్ నుంచి ఇద్దరు, కృష్ణపట్నం నుంచి పదిమంది,
గంగవరం పోర్టులో కొత్తగా చేరినవాళ్లు ఓ గుంపు.
"మాస్టారూ, రెండు చేతులూ బారజాపితే
వేలికొసలు కూడా ఫ్రేములో పడాలి" అంది లిఖిత.
ఎదురింటి పిల్ల. డిప్లొమా రెండో ఏడు.
ఈ పూటకి నా పైఅధికారి.

మంచం ఎత్తి గోడకి నిలబెట్టాం.
లాప్‌టాప్ వెనక్కి, ఇంకా వెనక్కి,
గుమ్మం దాటి వంటింట్లోకే పోయింది.
బియ్యం డ్రమ్ము మీద పీట,
పీట మీద పాత పంచాంగాలు నాలుగు, వాటిమీద అది.
"మరి నానెక్కడొండీది?" అంది పైడితల్లి.
"ఈ పూట ఉప్మా కూడా లైవే" అన్నాను.
నవ్వలేదు.

కిటికీ వీపు వెనకుంటే
నేను మనిషిని కాదు, నీడనట.
నిజమే, తెరమీద
ముఖం లేని నల్లటి ఆకారమొకటి చేతులూపుతోంది.
ఎండపూట కేబిన్‌లోంచి గౌరునాయుడికి
ఇలాగే కనబడేవాణ్ణేమో,
ఎప్పుడూ అనలేదు వాడు.
కిటికీకి పాత నేతచీర కట్టాం.
టేబులు లైటు మెడ విరిచి గోడవైపు తిప్పాం.
గోడకి తగిలి తిరిగొచ్చిన వెలుగు చాలు ముఖానికి.

ఇక రౌటరు.
సముద్రపు ఉప్పు దేన్నీ వదలదిక్కడ,
గేటు గొళ్లెం తిన్న నోటితోనే వైరు కొసల్నీ తింటుంది.
లిఖిత పిన్నుల్ని రబ్బరుతో రుద్దింది,
తప్పు లెక్క చెరిపినట్టు.
వైఫై వద్దు, వైరే లాగుదాం అంది.
సంతోషం. తాడు కంటికి కనబడితే నాకు ధైర్యం.
తలుపు సందులో నలక్కుండా నేనే ముడేశాను.
కరెంటు పోతే ఇన్వర్టరు, అదీ పోతే ఆ పిల్ల ఫోను.

ఫ్యాను ఆపాలి, మైకు దాన్ని గాలివాన అనుకుంటుంది.
పక్కవాటా మిక్సీని వెళ్లి బతిమాలి వచ్చాను.
హార్బరులో ఓడ కూతకి ఎవర్ని బతిమాలను?
నేవీ విమానం సంగతి సరేసరి.
పోనీ, చేతులకి చప్పుడుతో పనేముంది!

ఐదుంబావు. పరీక్ష.
ఫోను పట్టుకుని లిఖిత మేడెక్కింది.
నా తెర అద్దంలా చూపిస్తోంది,
వాళ్లకి సరిగ్గానే కనబడుతుందిలే అంది.
'లే' ఏంటమ్మా?
కుడికీ ఎడమకీ మధ్య ఒక మనిషి నిలబడి ఉంటాడు.
రెండుసార్లు చూపిస్తే గాని నమ్మలేదు.

తర్వాత, ఆపు.
చెయ్యి బారుగా పక్కకి, అరచెయ్యి కిందికి.
"ఆఁ, ఇప్పుడు ఆపారు!" పైనుంచి కేక.
ఇప్పుడా?
నేనెప్పుడో దించేశాను చెయ్యి.
మళ్లీ. ఆపు. ఒకటి. రెండు. "ఆఁ!"
"లైవంటే ఆమాత్రం ఆలస్యం ఉంటుంది మాస్టారూ,
రెండు సెకన్లు ఎవరికి తెలుస్తుంది?"

పన్నెండు టన్నుల ప్లేటు
రెండు సెకన్లలో ఎంత దిగుతుందో
స్లిప్‌వే మీద కోటేశు బూటు చెప్పింది నాకు.
కుడికాలిది.
గాంధీగ్రాంలో పాన్‌షాపు నడుపుతున్నాడిప్పుడు,
కూర్చునే.
లింకు వాడికీ పంపాను. చూశాడని రెండు నీలం గీతలొచ్చాయి,
మాట రాలేదు.

రాసుకున్న కాయితంలో మొదటి వాక్యం కొట్టేశాను.
"మీకు కనబడుతున్న నా చెయ్యి
ఇప్పటిది కాదు" అని రాశాను.
తర్వాత ఏం రాయాలో తోచలేదు.

ఐదు యాభై ఎనిమిది. ఉక్కపోత.
పసుపు హెల్మెట్ పెట్టుకున్నాను, లోపల చెమట జారుతోంది.
కనబడుతున్నానా? వినబడుతోందా?
బతుకంతా కిందనుంచి పైకి అడిగిన ప్రశ్నే.
ఆర్పేసిన పొయ్యి దగ్గర, లాప్‌టాప్ వెనక,
ఎప్పుడు నేర్చుకుందో తెలీదు,
పైడితల్లి చూపుడువేలు పైకెత్తి
గాల్లో చిన్న సున్నా చుట్టింది:
ఎత్తు.